గూనికొండను జరపమన్నారు

"కదపకు అన్నా! ఆ తెడ్డు కూసింతసేపు ఎత్తి ఉంచు!"

సూరన్న అరిచేసరికే ఆలస్యమైపోయింది. తెడ్డు కొస నుంచి జారిన ఉప్పునీటి చుక్క కాగితం మీద, సరిగ్గా ఆకాశం మధ్యలో పడింది.

"తెప్ప మీదకొచ్చి తడవకండా ఉండాలంటే ఎలాగరా?" అన్నాడు అతని అన్న నరసన్న. "ఇదేటి, దొరగారి బంగళా అరుగనుకున్నావేటి?"

సూరన్న తలగుడ్డ కొసతో చుక్కను అద్ది తీశాడు. ఆకాశంలో తెల్లటి మచ్చ మిగిలింది. చూసేవాళ్ళు దాన్ని మబ్బనుకుంటారు. అతని బొమ్మల్లో మబ్బులన్నీ అలా పుట్టినవే.

నడివయసు దాటిన మనిషి. బక్కగా, నల్లగా ఉంటాడు. మోకాళ్ళ మీద ఉప్పు తెల్లగా పేరుకుపోయింది. గాలం తాళ్ళు కోసిన గీతలతో అరచేతులు చెప్పు అట్టల్లా మొద్దుబారాయి. ఆ వేళ్ళ మధ్య ఉడత వెంట్రుకల కుంచె. దుంగల సందుల్లోంచి నీళ్ళు ఎగదన్నుతుంటే, తెప్పకు అడ్డంగా కట్టిన పలక మీద గొంతుకూర్చుని, ఒళ్ళో చెక్కకు బిగించిన కాగితాన్ని వీపు వంచి కాపాడుకుంటూ వేస్తున్నాడు. కాలి బొటనవేలికి గాలం తాడు చుట్టుకున్నాడు. చేప పడితే బొటనవేలు చెప్పాలి. పొద్దుట్నుంచి అది రెండుసార్లు చెప్పింది. సూరన్న వినలేదు.

నరసన్న దాహానికి కుండ ఎత్తాడు. అడుగున కాసిని నీళ్ళున్నాయి.

"తాగే నీళ్ళతో కొండలు కడగతన్నావు. దాహమేత్తే నాను నీ కొండ తాగాలా?"

"ఉప్పునీళ్ళతో రంగు ఆరదన్నా. ముసురు పట్టిందంటే మల్లీ కరిగి కారిపోతాది."

"కారిపోనీ. నీ బతుకులో కారిపోనిదేటుంది గనక?"

ఆ మాటలో అబద్ధం లేదు. కుర్రతనంలోనే సూరన్న రంగూను పోయాడు. ఈ తీరంలో దాన్ని రంగం అంటారు. అక్కడ బియ్యం మిల్లులో బస్తాలు మోశాడు. నడుం పట్టేశాక ఒక సర్వే దొర దగ్గర సామాను మోసే పనికి కుదిరాడు. ఆ దొర ఆదివారాలు గుట్టలెక్కి, ఎదురుగా కూర్చుని, నీటిరంగులతో కొండలు వేసేవాడు. నీళ్ళు మార్చడం, గొడుగు పట్టడం సూరన్న పని. దొర ఒక్కనాడూ ఒక్క ముక్క నేర్పలేదు. గొడుగు పట్టుకున్నవాడికి కూడా కళ్ళుంటాయని దొరలకు తోచదు. అరిగిపోయిన రంగు బిళ్ళల రేకుపెట్టెను పారేస్తే ఇతను ఏరుకున్నాడు. అతని చదువల్లా అదే.

అతనక్కడుండగానే ఇక్కడ పెళ్ళాం ఈశ్వరమ్మ కలరాతో పోయింది. తిరిగొచ్చాక ఆమె మొహం గీయబోయాడు. ముక్కు దగ్గర ఆగిపోయాడు. ఎలా ఉండేదో గుర్తు రాలేదు. వాడలో ఎవరినైనా అడగడానికి సిగ్గేసింది. కొండలు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి. అప్పట్నుంచి కొండలే వేశాడు. అన్న ఇంట్లో ఒక మూల పడుంటాడు, అన్న తెప్ప మీదే రెండో మనిషిగా వస్తాడు, చేపలకన్నా కొండల్నే ఎక్కువ చూస్తాడు, తిట్లు తింటాడు.

వేసినవన్నీ చెడ్డాయి. తడిగా ఉన్నప్పుడు నీలంగా ఉన్నది ఆరేసరికి బూడిదయ్యేది. సముద్రపు గాలికి కాగితం అప్పడంలా లేచేది. "ఇయ్యేటి సూరన్నా, పడుకున్న గేదెలా?" అని వాడ జనం నవ్వేవారు. వదిన జగ్గమ్మ వాటిని పొయ్యిలో పెట్టేది. "రంగు కాయితం బేగి రాజుకోదు" అని సణిగేది కూడా.

అలాంటి కాగితంలోనే ఒకరోజు ఛత్రపురంలో వైకుంఠరావుకు చేప చుట్టి ఇచ్చింది. వైకుంఠరావుది బరంపురంలో పటాలు కట్టే దుకాణం. ఇంటికెళ్ళి పొట్లం విప్పితే నెత్తుటి మరకల కింద కొండలు కనిపించాయట. వెతుక్కుంటూ చమఖండిలోని ఈ జాలరి వాడకు వచ్చాడు. కొత్త ఒడిస్సా రాష్ట్రానికి ఏడాది నిండుతోంది, బరంపురంలో బొమ్మల ప్రదర్శన పెడుతున్నారు, సముద్రంలోంచి కనిపించే కొండల బొమ్మ పెద్దది కావాలి అన్నాడు. రెండు మందపాటి కాగితాలూ, కొత్త రంగు బిళ్ళలూ ఇచ్చాడు. కింద పేరు కూడా రాయిస్తానన్నాడు. వేలిముద్ర పక్కన తప్ప ఎక్కడా రాయబడని పేరు! సూరన్నకు ఆ మాట గొంతులో ముల్లులా గుచ్చుకుపోయింది. అన్నం దిగలేదు. ఒక్క బొమ్మ, ఒక్కటంటే ఒక్కటి సరిగ్గా కుదరాలి, దాన్ని నలుగురూ చూడాలి. అతనికి ఇంకేమీ అక్కర్లేదు. వైకుంఠరావు వచ్చి తీసుకెళ్ళేది ఇవాళే.

ఇవాళ కుదిరింది.

పొద్దు వెనకనుంచి లేచి పడమటి కొండల మీద తిన్నగా పడుతోంది. వాటి పాదాల దగ్గర పొగమంచు ఇంకా విడలేదు. మంచున్నచోట కాగితాన్ని ముట్టుకోకుండా వదిలేశాడు. ఆరితే రంగు పాలిపోతుందని తెలిసి, తడిమీదే రెండింతలు ముదురుగా పూసే ధైర్యం ఇన్నేళ్ళకు ఇవాళ వచ్చింది. గూనికొండ మూపు కాగితం మీదికి దిగింది. దాని భుజం వెనక తల్లికొండ కొన గోరంత దిగింది. ఆ చివర చీలికొండ, దాని చీలిక కిందుగా తాటితోపు. గాలికి ఆరాయి. ఆరాక కూడా కొండల్లాగే ఉన్నాయి. సూరన్న బొటనవేలి తాడు సంగతి మరిచి చూస్తూ ఉండిపోయాడు.

మూడో చేప కూడా పోయిందని తిట్టడానికి నరసన్న ముందుకు వంగాడు. నోరు తెరిచినవాడు తెరిచినట్టే ఉండిపోయాడు. కొండల వైపు చూశాడు. కాగితం వైపు చూశాడు.

"ఏటి గీసినావురా?"

"కొండలు."

"కొండలు కాదురా. మన గట్టు గీసినావు."

తెప్ప కింద, నీళ్ళ అడుగున రాతిగట్టు ఉంది. గాలులు తిరగబడి తీరంలో చేప దొరకని నెలల్లో చమఖండి వాడకు అన్నం పెట్టేది అదే. నీళ్ళ మీద రాయి పాతి గుర్తు పెట్టలేరు కదా! కొండలే గుర్తు. ఒక పక్క గూనికొండ భుజం వెనక తల్లికొండ గోరంతే కనిపించాలి. ఇంకో పక్క తాటితోపు చీలిక కిందికి రావాలి. రెండూ ఒకేసారి కుదిరినచోట లంగరు రాయి వదిలితే కింద గట్టు దొరుకుతుంది. కాస్త తప్పితే ఇసుకే. తాతల నుంచి నోటి మాటగా వస్తున్న గుట్టు ఇది. పక్క వాడలో ఒక్కడికీ తెలియదు.

"పక్కవాడోళ్ళు బరంపురం ఎల్లరేటి? గోడకేలాడతంటే సూడరేటి? సూసినాక తెప్ప ఎక్కడాపాలో ఆళ్ళకి ఎవులైనా సెప్పాలేటి? వారం తిరక్కండా గట్టు ఊడిసీసి పోతారు!"

సూరన్నకు ఆ సంగతి తట్టనేలేదు. పుట్టి బుద్ధెరిగాక ఆ కొండల్ని అతను ఇంకోలా చూసిందే లేదు. ఇన్నేళ్ళూ బొమ్మ కుదరలేదు కాబట్టి వాడకు ముప్పు రాలేదు, అంతే.

ఒడ్డుకొచ్చాక నరసన్న తిన్నగా వాడ పెద్ద పైడన్న దగ్గరికి తీసుకెళ్ళాడు. ముసలాయన బోర్లించిన పడవ నీడలో కూర్చుని ఉన్నాడు. కళ్ళకు పొర కమ్మి, సముద్రంలోకి వెళ్ళడం మానేసి ఏళ్ళయింది. కాగితాన్ని చేతుల్లోకి తీసుకుని, చాచి పట్టుకుని, దగ్గరికి తెచ్చుకుని, మళ్ళీ చాచాడు. కూర్చున్నవాడు కూర్చున్నట్టే అటూ ఇటూ ఊగడం మొదలెట్టాడు, కింద అల ఉన్నట్టు.

"ఇక్కడే," అన్నాడు. "రాయి వదలండిరా. ఇక్కడే."

సూరన్నకు ఒళ్ళు ఝల్లుమంది. పుట్టాక అతన్ని ఎవరైనా మెచ్చుకున్నది అదొక్కసారే. ముసలాయన తెప్పరిల్లి, కాగితాన్ని వేడి పెనంలా నరసన్న ఒళ్ళో పడేశాడు.

"ఓలమ్మా, వాడ కొంప ముంచీసినావు గదరా! దీన్ని బైట పెట్టడానికి ఈల్నేదు. గూనికొండని కూసింత జరిపీ. ఒక్క ఏలెడు జరిపితే సాలు, ఎవులికీ ఏటీ తెలీదు."

"జరిపితే అది గూనికొండ కాదు మావా."

"కాకపోతే మరీ మంచిది గదా!"

అంతలో జట్కా దిగి వైకుంఠరావు వచ్చాడు. చొక్కా చెమటతో వీపుకు అంటుకుపోయింది. ఇసుకలో బూట్లు కూరుకుపోతుంటే విసుక్కుంటూ, బొమ్మను చూసి తల పంకించాడు.

"బాగుంది. బాగుంది కానీ మరీ బోసిగా ఉందోయ్. ఈ గూని ఉందే, దీన్ని ఒక వేలెడు పక్కకు జరిపావనుకో, మధ్యలో జాగా వస్తుంది. అక్కడ ఉదయించే సూర్యుణ్ణి పెట్టు. ఎర్రగా. కొత్త రాష్ట్రం కదా, పెద్దవాళ్ళు చూసి సంతోషిస్తారు. ఠిక్ అఛి, సరేనా?"

పైడన్న బోసినోటితో పకపకా నవ్వాడు. "ఇంకేటి! బావుదీ అదే మాట, మనదీ అదే మాట. జరిపీరా!"

పడమటి కొండల్లోంచి సూర్యుడు ఏ దేశంలో ఉదయిస్తాడని ఎవరూ అడగలేదు. సూరన్నా అడగలేదు. అతని చిక్కు వేరు. కాదనడానికి ఒక్క కారణం దొరకడం లేదు. వాడకు గట్టు దక్కాలి, న్యాయమే. షావుకారుకు సూర్యుడు కావాలి, డబ్బిచ్చేది ఆయనే. కొండ మాత్రం అక్కడే ఉంది. ఆ ముక్క ఎవరికి చెప్పాలి? చెప్తే ఎవడు వింటాడు? అందరూ మంచివాళ్ళే, అందరూ అడిగింది చిన్న సంగతే. అలాంటివాళ్ళ మీద కోపం ఎక్కడని దించుకోవాలి?

"నీటిరంగు జరగదు బావూ. తుడిత్తే మరకవుతాది," అన్నాడు చివరికి.

"ఇంకో కాగితం ఉంది కదటయ్యా!"

ఉంది. పడవ పక్కనే కూర్చుని, కొండల వైపు ఒక్కసారైనా తలెత్తకుండా, పళ్ళు కొరుకుతూ వేశాడు. గూనికొండను లాగి అవతల పడేశాడు. తల్లికొండను నిలువెత్తునా బయటపెట్టాడు. తాటితోపు పీకేశాడు. మధ్యలో కుంకుమ బొట్టంత సూర్యుణ్ణి అద్దాడు. విచిత్రమేమిటంటే ఒక్క చుక్క చెదరలేదు, కాగితం లేవలేదు, రంగు చక్కగా ఆరింది. అబద్ధం అంత సులువుగా కుదురుతుందని అతనికి ఇన్నేళ్ళూ తెలియదు.

వైకుంఠరావు మురిసిపోయాడు. "కింద నీ పేరు ఒడియాలోనూ, తెలుగులోనూ రాయిస్తాను."

"నా పేరొద్దు బావూ."

"మరెవరిది పెట్టమంటావు?"

"పైడన్న మావ పేరెట్టీండి," అంది జగ్గమ్మ, చేపల తట్ట దించుతూ. "కొండ జరిపినోడు ఆయనే గదా!"

వాడంతా నవ్వింది. ముసలాయనా నవ్వాడు. సూరన్న చేతిలో డబ్బు పెట్టి, బొమ్మ చుట్టుకుని వైకుంఠరావు జట్కా ఎక్కాడు.

అసలు బొమ్మ మిగిలింది.

"పొద్దుగూకేలోగా దాన్ని కడిగీ. కాయితమైనా మిగుల్తాది," అని చెప్పి పైడన్న కర్ర పట్టుకుని ఇంటికి పోయాడు.

సూరన్న దాన్ని ఒడ్డు మీదికి తీసుకెళ్ళాడు. పడవ నీడ చెమ్మకు ఒక అంచు కొద్దిగా మెత్తబడింది. ఇసుకను అరచేత్తో నున్నగా చదును చేశాడు. కాగితాన్ని పరిచాడు. గాలికి లేవకుండా, వలకు బరువు కట్టే మట్టిగుండ్లు నాలుగు తెచ్చి మూలల మీద పెట్టాడు. వెనకాలే వచ్చిన నరసన్నకు ఒళ్ళు మండిపోయింది.

"కడగమంటే ఆరబెడతన్నావేటిరా?"

"ఆరనీ అన్నా."

"కడిగీదాన్ని ఎవుడైనా ఆరబెడతాడేట్రా?"

సూరన్న బొమ్మ పక్కనే కూలబడ్డాడు. నరసన్న గుప్పెడు ఇసుక తీసి అటు విసిరికొట్టాడు. తమ్ముడి మీద జాలిపడడం అతనికి చేతకాదు. చేతకానిదల్లా కోపమై వచ్చేది.

"నాను కుదర్నేదన్నానేటి? కుదిరింది! కుదిరింది గనకే ఈ తీరంలో దీన్ని సూపించడానికి జాగా నేదు. సూపించాలని అంతుంటే రంగం ఎల్లి సూపించు. రేపు గోపాలపురంలో ఓడాగుతాది. అక్కడ గూనికొండంటే ఎవుడికి తెలుసు?"

అనేసి, వల బాగుచేసుకోవడానికి వెళ్ళిపోయాడు.

సూరన్న మెత్తబడిన అంచును వేలితో తాకి తడి చూశాడు. నిజమే, రంగంలో ఎవడికి తెలుసు? ఎవడు చూసినా వాడకు నష్టం లేదు. అయితే అక్కడ బాగుందన్నవాడికీ, బాగాలేదన్నవాడికీ ఇది సరిగ్గా ఉందని తెలియదు. చూసి ఊగేవాడు ఒక్కడూ ఉండడు. రాయి వదలండనేవాడు ఉండడు. తెలిసినవాళ్ళు చూడకూడదు, చూసేవాళ్ళకు తెలియదు. ఛీ, ఏం బతుకురా ఇది అనుకున్నాడు. ఎదురుగా కొండల వెనక పొద్దు దిగుతోంది. మడిచిన నోట్లు మొలలో గుచ్చుకుంటున్నాయి. తడిమి చూసుకున్నాడు. మెల్లగా లేచాడు.

దీపాలు పెట్టే వేళకు జగ్గమ్మ కంచంలో అన్నం పెట్టి మరిదిని కేకేసింది. పలకలేదు. నరసన్న ఒడ్డు మీదికి వచ్చి చూశాడు. తడి ఇసుక మీద అడుగులు దక్షిణంగా, గోపాలపురం వైపు పోతున్నాయి. ఎక్కడా ఆగిన అడుగు లేదు, వెనక్కి తిరిగిన అడుగు లేదు.

జగ్గమ్మ వెనకాలే వచ్చింది. "ఏడీ?"

"రంగం ఎల్లిపోనాడు."

"అదేటి! ఓ మాటైనా సెప్పకండానా?"

"సెప్పింది నానే," అన్నాడు నరసన్న.

అన్నం చల్లారిపోతోందని జగ్గమ్మ చెప్పింది. అతను కదల్లేదు. కాళ్ళ దగ్గర నాలుగు మట్టిగుండ్లు దేని మూలన అది ఉంది. వాటి మధ్య అరచేత్తో నున్నగా చదును చేసిన, కాగితమంత ఖాళీ ఇసుక.