ఎడమచేతి పళ్ళు

ఆ షట్టరుకు బయటినుంచి తాళం వేసింది మీరు, ఓనరుగారూ. కిటికీకి రేకు కొట్టించింది మీరు. సానరాయి మీద బొట్టుబొట్టుగా కారే నీళ్ళ డబ్బాను పీకించి మూలకు పడేయించింది కూడా మీరే. ఇప్పుడేమో "పాపం, గుండె బలహీనమైన మనిషి" అంటూ తలాడిస్తున్నారు. ఆ గుండెకు ఏ రోగమూ లేదు. మీ గదిలో గాలి లేదు, అంతే.

ఆ రోజు పొద్దున కూడా పళ్ళ మామ రాయి ముందు వంగి ఉన్నాడు. పిడి నుంచి విప్పిన కత్తిరేకును రెండు చేతులా పట్టుకుని తిరుగుతున్న రాయి అంచుకు ఆనించాడు. రవ్వలు మోచేతుల దాకా చిమ్మాయి. ఒక పెద్ద గుంట, పక్కన రెండు చిన్నవి, మళ్ళీ పెద్దది. గుంటకూ గుంటకూ మధ్య మిగిలిన మొనే పన్ను. ఒక్క క్షణం ఎక్కువ ఆనితే ఇనుము నీలం తిరుగుతుంది, ఆ పన్ను ఇక పదును నిలుపుకోదు. అంచేత ఆనించడం, తీయడం, ఊదడం. ఊదినప్పుడల్లా బూడిదరంగు పొడి లేచి అతని మొహాన్నే కొట్టేది.

జేబులో పెట్టుకునే మడతకత్తులకు ఎవరికి కావలసిన పళ్ళు వాళ్ళకు కోసివ్వడం అతని పని. తాడు కోసేవాడికి ఒక రకం, వల కోసేవాడికి ఇంకో రకం. అతని నోట్లో మాత్రం ముందు పళ్ళు లేవు. ఆ పేరు పెట్టింది ఎదురు బల్ల దగ్గర పిడులు బిగించే రివెట్టక్క.

"ఏం మామా, నీ నోట్లోవన్నీ కత్తులకు పెట్టేశావా?"

"అరువిచ్చానే. ఒక్కడూ తిరిగిస్తే ఒట్టు."

నవ్వబోతే దగ్గొచ్చింది. దగ్గు ఆగాక నవ్వడానికి ఓపిక మిగల్లేదు.

మొదట్లో ఇలా ఉండేది కాదు. రాయి పైన కొక్కేనికి ఒక రేకు డబ్బా వేలాడేది. అడుగున చిల్లు, చిల్లులో గుడ్డ ఒత్తి. నీళ్ళు కారుతుంటే పొడి లేవకుండా బురదై కిందికి జారిపోయేది. బురద కడగడానికి పొద్దు పోతోందని, తడికి రేకులు మరకలు పడుతున్నాయని ఓనరు దాన్ని తీయించాడు. పొడి వీధిలోకి వస్తోందని పక్కింటివాళ్ళు గొడవ చేస్తే కిటికీ మూయించాడు. ఇక జేబులో పట్టే సరుకు పనివాళ్ళ జేబుల్లోనే పోతుందని అనుమానమొచ్చి, పనివేళల్లో షట్టరు దించి బయట తాళం వేయడం మొదలుపెట్టాడు. మూడూ ఒక్కసారి జరగలేదు. ఒకదానికి అలవాటు పడేలోపు ఇంకోటి వచ్చిపడింది.

ఆ పొద్దున పనికి బయల్దేరేముందు మామ ఇంట్లో గోడ పట్టుకుని దగ్గుతుంటే, మిషను మీద సంచులు కుడుతున్న పెళ్ళాం తల ఎత్తకుండా అడిగింది.

"ఇవాళైనా అడుగుతావా?"

"అడుగుతానే."

"నిన్నా ఇదే మాట. తాళం తీయమను, కిటికీ తెరవమను, నీళ్ళు పెట్టమను. కుదరదంటే చెప్పులేసుకుని ఇంటికొచ్చెయ్. పట్టీలు కత్తిరిద్దువుగానీ."

"ఈ చేతులకు కత్తెర తిరుగుతుందా?"

"నీ చేతుల సంగతి నాకు తెలీదా. పెళ్ళైన కొత్తలో చేసిచ్చిన కత్తి ఇప్పటికీ నా మాట వినదు."

ఆమెది ఎడమచేతి వాటం. కత్తి పళ్ళను రేకు ఒక పక్క మొహం నుంచే కోస్తారు. కుడిచేతివాళ్ళకు ఒక మొహం, ఎడమచేతివాళ్ళకు రెండోది. తారుమారైతే కోత పక్కకు లాగుతుంది. కొత్త పెళ్ళికొడుకు మురిపెంలో ఆ సంగతే మరిచాడు.

దారి పొడుగునా మాటలు కూడబలుక్కున్నాడు. "సారూ, ఒక్కమాట." అక్కడిదాకా బాగానే వచ్చేది. రాయి ముందు కూర్చున్నాక కూడా అదే గొణుక్కుంటున్నాడు. చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి.

షట్టరు లేచింది. ఓనరు వచ్చి కోసిన రేకును వెలుతురుకు పట్టి చూశాడు. అది బోల్తాపడ్డ బళ్ళను లాగే ఒక డ్రైవరుది. లోపల ఇరుక్కున్నవాళ్ళ బెల్టులు ఒక్క లాగుతో తెగాలన్నాడట.

"ఎడమచేతి వాటమని చెప్పానా, లేదా?"

మామ రేకు వైపు చూశాడు. పళ్ళు ముత్యాల్లా కుదిరాయి. కుడిచేతి మొహాన.

"చెప్పారు సారూ."

"ఈ దగ్గేసుకుని వస్తే ఇంకెవడూ గడప తొక్కనివ్వడు. పోనీలే అని నేనే నెట్టుకొస్తున్నా. మధ్యాహ్నం మనిషొస్తాడు. ఇంకో రేకు తీసుకో. అయ్యేదాకా తిండి మాటెత్తకు."

"సారూ, ఒక్కమాట."

"ఏంటి?"

రివెట్టక్క చేతిలో సుత్తి ఆగింది. మామ నోరు తెరిచాడు. తప్పు చేసిన చేతులతో ఏం అడుగుతాడు?

"రేకు... అదే సైజా?"

"అదే."

తిండివేళకు అక్కను బయటికి వదిలారు. "మామనూ వదలండి సారూ, ఊపిరాడట్లేదు ఆయనకి" అందామె. "పనైతే నేనే వదుల్తాగా" అంటూ ఓనరు షట్టరు దించి, తాళంచెవి జేబులో వేసుకుని భోజనానికి పోయాడు.

చీకటి గదిలో ఒక్క బల్బు, ఒక్క రాయి. మామ లేచి, మూలలోంచి డబ్బా లాగాడు. బనీను అంచు చింపి ఒత్తి చేసి, తాగడానికి తెచ్చుకున్న నీళ్ళు పోసి, కొక్కేనికి తగిలించాడు. మొదటి బొట్టు రాయి మీద పడగానే చుయ్‌మంది. అతను ఒళ్ళంతా పక్కకు తిప్పి కూర్చుని, రేకును ఎడమచేతి మొహాన ఆనించాడు.

బయట మెట్టు మీద అన్నం తింటున్న రివెట్టక్కకు ఆ చప్పుడు వినబడింది. తడి రాయి చప్పుడు. విని ఎంత కాలమైందో. "మామకు ధైర్యమొచ్చిందే" అనుకుంది. కాసేపటికి ఇనుము చప్పుడు ఆగింది, రాయి మాత్రం తిరుగుతూనే ఉంది. ఆమె ముద్ద చేతిలోనే పట్టుకుని చెవి ఒగ్గింది.

"మామా?"

గిన్నె పెట్టి షట్టరు బాదింది. ఓనరుకు ఫోను కొట్టింది. మోగి మోగి ఆగిపోయింది. అతను చేయి తుడుచుకుంటూ వచ్చి తాళం తీసేసరికి, మామ బల్ల మీద తల ఆన్చి అలసిపోయి కునుకు తీస్తున్నట్టున్నాడు. ఊపిరి లేదు. ఏళ్ళ తరబడి మింగిన పొడిని ఒక్క డబ్బా నీళ్ళు కడగలేవు. చేతిలో రేకు పూర్తయి ఉంది. పళ్ళన్నీ ఎడమచేతికే.

డ్రైవరు వచ్చి, పిడి బిగించిన కత్తిని తెరిచి మూసి, బాగుందని తీసుకుపోయాడు. మామ పెళ్ళాం వచ్చి అందరి మొహాలూ చూసి ఒక్కటే అడిగింది.

"అడిగాడా?"

రివెట్టక్క రాయి పైన వేలాడుతున్న డబ్బా వైపు చూపించింది.

అతని గొంతులో ఆగిపోయిన ఆ ఒక్కమాట ఇప్పుడు వినండి. ఆ స్టూలు మీద ఇంకొకరిని కూర్చోబెట్టకముందే తాళం తీయండి. కిటికీ రేకు పీకండి, పొడిని బయటికి లాగే ఫ్యాను పెట్టండి. డబ్బాకోసం వెతకనక్కర్లేదు. అతను తగిలించిన చోటే, ఆగిపోయిన రాయి పైన, చిల్లులో ఎండిన బనీను ఒత్తితో వేలాడుతోంది. నీళ్ళు పోయండి.