రెండు పేర్ల ఓడ

రాచర్ల చర్చిలో పెండ్లి ప్రకటన మూడు ఆదివారాలు చదువుతారు. ఎవరూ అడ్డు చెప్పకపోతేనే పెండ్లి. ఆ రోజు మొదటిది. కొత్తగా వచ్చిన పాస్టరు కరుణాకరంగారు పెండ్లికొడుకు పాస్‌పోర్టులో ఉన్న పేరే చదివారు.

"సుందరరాజుగారి కుమారుడు ఓబులేసుకును, దీవెనకును..."

ఎవరీ ఓబులేసు అనుకున్నాడు ఎడ్విన్. మరుక్షణమే తనేనని గుర్తొచ్చింది. ఊళ్లో అందరికీ అతను ఎడ్విన్. బడిలో రాయించిన తాత పేరు ఇప్పుడు ఓడ మీద మాత్రమే వినపడుతుంది. సముద్రంలో యాత్రికులను తిప్పే పెద్ద తెరచాపల ఓడలో అతనికి పని. అక్కడ హాజరు పిలిచినప్పుడు పేరు వినగానే లేచి నిలబడాలి.

"ఈ ఓబులేసును గూర్చి ఎవరికైనా అభ్యంతరముంటే లేవవలెను."

ఎడ్విన్ లేచాడు.

తలలన్నీ అతని వైపు తిరిగాయి. ముందు తేరుకున్నది సౌభాగ్యమ్మవ్వ. "ఏందిరా, నీ పెండ్లికి నువ్వే అడ్డమా?"

"పేరు పిలిచినారు గదా అని లేచినా, అవ్వా."

అందరూ పగలబడి నవ్వారు. పాస్టరుగారూ నవ్వి కూర్చోమన్నారు. ఆడవాళ్ల వైపు కూర్చున్న దీవెన మాత్రం నవ్వలేదు. కూర్చోమన్న తర్వాత కూడా, పాట ఎత్తుకునేదాకా అతను నిలబడే ఉన్నాడు. అది ఆమె చూసింది.

ఆరాధన అయ్యాక చర్చి గోడ నీడలో అతన్ని పట్టుకుంది. "లేచింది సరే. కూర్చోలేదెందుకు బావా?"

లేపింది అలవాటే. మరి నిలబెట్టింది ఏది? లోపల వెతికితే ఏమీ దొరకలేదు. నోటికి ఓడ సంగతి వచ్చింది.

"మా ఓడ ముందు వేరే ఓడ, తెలుసా? ఇంకో పేరుతో మొదలుపెట్టినారు. కట్టించేటోడు దివాలా తీసినాడు. సగం కట్టిన ఓడ ఒట్టి డొక్కగా ఏండ్ల తరబడి రేవులో తుప్పుపట్టింది. ఇంకొకాయన కొని, తెరచాపలకు అయిదు స్తంభాలు నిలబెట్టి, ఈ పేరు పెట్టినాడు. వెనక పెయింటు కింద పాత అక్షరాలు ఇంకా ఉబ్బెత్తుగా కనపడతాయి. ఇంజను గూడా ఉంది. ఇది గాలికి పోతాందా, ఇంజనుకా అని ఎక్కినోళ్లు అడుగుతారు. ఒక్కోసారి మాకే తెలీదు."

"నేను చేసుకునేది ఓడను కాదు గదా!"

"కాదు."

"అయితే నీ సంగతి చెప్పు. ఇష్టం ఉందా, లేదా?"

ఉంది అనబోయాడు. ఆ మాట అనబోతున్నది ఎడ్విన్ అని తెలుస్తూనే ఉంది. రెండోవాడు, ఓబులేసు, ఏమీ అనడం లేదు. వాడి మౌనం ఒప్పుకోలో, కాదనడమో అంతుపట్టలేదు.

"నాకే తెలీడంలేదు దీవెనా."

ఆమె కళ్లు తుడుచుకుంది. "ఇప్పుడన్నా నిజం చెప్పినావు. రెండో ప్రకటన చదవొద్దని అయ్యగారికి నేనే చెప్తా. తెలిసినరోజు నువ్వే రా. ఏ పేరుతో వచ్చినా సరే, మొత్తం రా."

ఆమె పాస్టరుగారి ఇంటివైపు నడిచింది. అతనికి ఆపాలనిపించింది. అలా అనిపిస్తున్నది తనలోని ఇద్దరిలో ఎవరికో తేల్చుకునేలోగా ఆమె తలుపు తట్టింది.