ఇంకొక్క లాగ్ పంపగలరా

ఇంకొక్క లాగ్, అదే ప్రోగ్రాం ఏమేం చేసిందో ఫోన్ రాసిపెట్టే చిట్టా, అడిగితే ఏం పోతుంది, ఆయనేమీ అనుకోడు, ఇంతవరకూ ఒక్కసారైనా అనుకోలేదు, ఫోన్ ఆపి మళ్లీ వేసి అదే పని ఇంకోసారి చేసి పంపండి అంటే చాలు, చిత్తం అన్నట్టు సాయంత్రానికల్లా పంపేస్తాడు, పియానోలు శ్రుతి చేసే మనిషి, ఓపిక ఆ పనిలోనే అబ్బి ఉంటుంది, పైగా లాగ్ కింద తప్పకుండా నాలుగు మాటలు రాస్తాడు, ఇవాళ్టి పియానో ఓ డాన్సు స్కూల్లోదండీ, పియానో మెట్ల సందులో ఎవరి హెయిర్‌పిన్నో దొరికింది, పాపం ఎన్నాళ్లు వెతుక్కుందో అని, ఆ నాలుగు మాటల కోసం కాకపోతే తను పొద్దున్నే మొహమైనా కడుక్కోకుండా లాప్‌టాప్ ఎందుకు తెరుస్తుంది, ఛీ, నలభై దాటాక ఇదేం పిచ్చి, ఏమే, అన్నీ చల్లారిపోతున్నాయి అని వంటింట్లోంచి అక్క, వస్తున్నానే, ఒక్క నిమిషం, నీ ఒక్క నిమిషం నాకు తెలీదా, ఎవర్ని చూసి నవ్వుకుంటున్నావ్, ఎవరూ లేరక్కా, బగ్, ఆహా, బగ్‌ని చూసి ముసిముసిగా నవ్వేదాన్ని నిన్నే చూశానమ్మా.

బగ్, అంటే ప్రోగ్రాంలో తప్పు, ఉన్నమాట నిజమే, ప్రోగ్రాం తను రాసిందే, డబ్బు తీసుకోకుండా నెట్‌లో పెట్టింది, ఎవరైనా వాడుకోవచ్చు, కోడ్ తెరిచి చూడొచ్చు, దిద్దొచ్చు, తీగ మోగితే విని శ్రుతి కలిసిందో లేదో తెర మీద సూదితో చూపిస్తుంది, ఆయన ఫోన్‌లో మాత్రం కింది స్వరాలు మోగగానే సూది గజగజా వణుకుతుంది, పొరపాటు నాదే అయ్యుండొచ్చండీ అంటూనే రాశాడు మొదటిసారి, ఆయనదీ కాదు, ఫోన్‌దీ కాదు, కింది స్వరం పట్టుకోవాలంటే కాస్త ఎక్కువసేపు వినాలి, ఆ పాత ఫోన్ నిదానం, వినడం పూర్తికాకముందే ప్రోగ్రాం తొందరపడి జవాబు చెప్పేస్తోంది, ఒక్క అంకె మారిస్తే సరిపోతుంది, ఆ సంగతి పోయిన వారమే తేలింది, దిద్ది పెట్టుకుంది కూడా, పంపలేదు, పంపితే ఆయన రోజూ రాసే ఆ బగ్ పేజీని పని అయిపోయిందని మూసేయాలి, మూసేస్తే ఆయనకి రాయడానికి ఏముంటుంది, ఏ వంకతో రాస్తాడు, అందుకని ఏమీ ఎరగనట్టు ఇంకో లాగ్, ఇంకో లాగ్, ఇదిగో వచ్చింది, ఇవాళ తొందరగా వచ్చిందే.

లాగ్ జతచేశానండీ, పని మాత్రం మధ్యలో ఆగిపోయింది, పెద్ద హాలు, రేపు కచేరీ, మీకెప్పుడూ చెప్పలేదు గానీ ఏడాదిగా కింది స్వరాలు నా చెవికి అందడం లేదు, అందుకే మీ సూదిని నమ్ముకున్నాను, హాలువాళ్లు వేరే మనిషిని పిలుస్తామన్నారు, వాళ్ల తప్పు లేదులెండి, మీరు తీరిగ్గానే చూడండి, ఇప్పటికే మీ టైం చాలా తినేశాను.

తీరిగ్గానే చూడండి, అయ్యో, ఎంత పని చేశావే, చెవి పోతున్న మనిషిని పట్టుకుని రోజూ నాలుగు కబుర్ల కోసం తిప్పించుకున్నావు, సిగ్గు లేదూ, అప్పటికప్పుడే దిద్దుబాటు పంపింది, కొత్తది వేసుకుని చూడండి అని రాసింది, అక్క వచ్చి కంచం పక్కనే పెట్టి వెళ్లిపోయింది, స్క్రీన్ మీద ఏమీ లేదు, ఇంకా లేదు, వచ్చింది, సూది నిలబడిందండీ, కదిల్తే ఒట్టు, హాలుకి ఫోన్ చేశాను, వెంటనే రమ్మన్నారు, బతికించారు, ఇక మిమ్మల్ని విసిగించను, ఉంటానండీ.

ఉంటాను అంటాడు, ఎక్కడ ఉంటాడు, ఇక్కడైతే ఉండడుగా, బగ్ మూసేసింది, ఒక్క నొక్కు, బతికించారట, ఆ మాట ఎలా పుచ్చుకోవాలి, పుచ్చుకుంటే ఆయన మనసులో తను ఎప్పటికీ మంచి మనిషే, దూరంగా, క్షేమంగా, ఇంకెప్పుడూ రాయనక్కర్లేని మంచి మనిషి, వద్దు, ఆ మంచితనం తనకొద్దు, మూసిన బగ్ కిందే, లోకమంతా చూసే చోటే, రాసింది, తప్పెక్కడుందో వారం కిందటే తెలిసిందండీ, మీరు రాయడం మానేస్తారని దాచాను, క్షమించమని అడిగే మొహం కూడా లేదు, పంపేసింది, ఇక ఆయన తిడతాడో, జవాబే ఇవ్వడో, ఆయనిష్టం, ఇన్నాళ్లూ తను లేకపోతే ఆయనకి గడవకూడదని కదూ కోరుకుంది, తీరా చూస్తే గడవనిది తనకే, ఆ మనిషి కావాలి తనకి, అంతే.