ఒంటికాలి మువ్వలు

భాగీరథి గింజల గదిలో నిచ్చెన మీది నుంచి పడి కుడి చీలమండ విరగ్గొట్టుకున్న రోజున కూడా సుమిత్రమ్మ ఆమెను వరస పెట్టి పిలవలేదు. నాయనమ్మ దగ్గరికి పరుగెత్తి, "ఆమె పడ్డది," అంది. అంతే. ఆరేళ్ల పిల్ల. తల్లి శారదాదేవి పోయి రెండేళ్లు, మారుతల్లి వచ్చి పది నెలలు. ఈ పది నెలల్లో భాగీరథి తల దువ్వబోతే తల తిప్పుకుంది, ముద్ద కలిపి పెడితే నోరు బిగించుకుంది. మొయినాబాద్ నుంచి పంతొమ్మిదేళ్ల వయసులో రెండో సంబంధానికి వచ్చిన భాగీరథికి నగల మీద, చీరల మీద మోజు లేదు. ఈ పిల్ల ఒక్కసారి అమ్మా అంటే చాలు అనుకుంది. మనిషికి ఇంత చిన్న ఆశ ఉండకూడదండీ, అది తీరేదాకా ఊపిరాడనివ్వదు.

చేవెళ్లలో బీజాపూర్ సడక్ మీద ఆమె భర్త కాశీనాథ్ కిరాణా దుకాణం, దాని వెనకే ఇల్లు. పంతొమ్మిది వందల ముప్పై తొమ్మిదిలో దవాఖాన అంటే పట్నం పోవాల్సిందే. అందుకని కాశీనాథ్ తల్లి ప్రేమమ్మ కనకమామిడికి ఎడ్లబండి పంపి, విరిగిన ఎముకలు కట్టే అంజిలయ్యను పిలిపించింది.

"కోడిగుడ్డు సొనల మినపపిండి కలిపి పట్టు వెయ్యాలె," అన్నాడతను.

"కోమటోళ్ల ఇంట్ల గుడ్డా! గా మాట మళ్ల అనకు," అంటూ ప్రేమమ్మ చెవులు మూసుకుంది.

"తినుమంటలేను గదమ్మా, కాలికి పూస్తనంటున్న."

ఆవిడ వింటేగా! చివరికి ఉత్త మినపపిండి పట్టే వేసి, వెదురు బద్దలు పెట్టి కట్టాడు. ఇరవై రోజులు ఎక్కువ పడుతుందని గొణిగాడు. కట్టు కట్టక ముందే, వాచిన కాలికి బిగుసుకుపోయిన మువ్వల పట్టీని నూనె రాసి మెల్లగా లాగి ప్రేమమ్మ చేతిలో పెట్టాడు. ఎడమ కాలిది అలాగే ఉండిపోయింది.

రెండు నెలలకు కట్టు విప్పారు. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఇల్లు సద్దుమణిగిన వేళ, భాగీరథి గోడ పట్టుకుని మొదటిసారి నడిచింది. ఎడమ కాలి మువ్వలు ఘల్లుమన్నాయి. వెనక కుడికాలు నేల మీద సర్రుమని ఈడ్చుకొచ్చింది. ఘల్లు, సర్రు. ఘల్లు, సర్రు.

పెరట్లో చింతగింజలతో ఆడుకుంటున్న సుమిత్రమ్మ ఆట వదిలేసి పరుగెత్తుకొచ్చింది. "అమ్మా!" అని భాగీరథి కుచ్చిళ్లలో ముఖం దాచుకుంది.

ప్రేమమ్మ చేతిలోని విస్తరాకు జారిపోయింది. "శారద గిట్లనే నడిచేది," అంది. శారదాదేవికి చిన్నప్పటి జ్వరంలో కుడికాలు సన్నబడిపోయింది. ఆ కాలికి పట్టీ నిలవక ఎడమ కాలికి ఒక్కటే పెట్టుకునేది. ఆమె పట్టీలనే పెళ్లిలో భాగీరథికి పెట్టారు.

"అమ్మా, ఇన్నొద్దులు ఏడికి పోయినవ్?" అని పిల్ల ఆ పాదాలనే అడుగుతోంది. తల మాత్రం ఎత్తదు. తన గొంతు వింటే పిల్ల వదిలేస్తుందేమోనని భాగీరథి నడుస్తూనే ఉంది. చివరికి అలసి ఆగింది. అడుగుల చప్పుడు ఆగగానే పిల్ల తలెత్తి ఆమె ముఖం చూసి, కొంగు వదిలేసి పెరట్లోకి వెళ్లిపోయింది.

అందుకని మర్నాడు భాగీరథి ఆగలేదు. పెదవి కొరుక్కుంటూ, వాచిన కాలిని ఈడ్చుకుంటూ పొద్దు వాలేదాకా నడిచింది. ఆ మర్నాడూ అంతే.

అంజిలయ్య మళ్లీ వచ్చి ఎముక నొక్కి చూశాడు. "మంచిగ అతుక్కున్నది. ఇగ మడిమ ఆనిచ్చి సక్కగ నడువు తల్లీ. ఇంకా కుంటుతనే ఉంటే కాలు గట్లనే అలవాటు పడ్తది. తర్వాత ఎవ్వరొచ్చినా తిప్పలేరు."

"మంచిది," అంది భాగీరథి. అతని బండి మలుపు తిరిగిందో లేదో, కుడికాలు మళ్లీ ఈడ్చింది. బుద్ధి లేక కాదు. పిల్ల చేయి కొంగు పట్టుకుంటే ఎంత వెచ్చగా ఉంటుందో ఆమెకు తెలిసిపోయింది.

"వద్దు బిడ్డా, పోయినామెను ఇంట్లకు పిలుస్తున్నవ్," అని ప్రేమమ్మ బతిమాలింది.

"నేనేం పిలుస్తున్న అత్తమ్మా? నడుస్తున్న, గంతే."

నాలుగు రోజుల తర్వాత దుకాణంలో కాశీనాథ్ బెల్లం తూస్తున్నాడు. తలుపు వెనక అడుగుల చప్పుడయింది. అతను తల ఎత్తకుండానే, "శారదా, జర చెంబెడు నీళ్లు తే," అన్నాడు. బెల్లం కొనవచ్చిన మనిషి నోరు తెరుచుకుని చూశాడు.

"ఆఁ, తెస్తున్న," అంది భాగీరథి.

చెంబు నింపాక గానీ తాను ఏ పేరుకు పలికిందో తట్టలేదు. మొదటిసారి ఆమెకు నిజంగా భయం వేసింది.

వెంటనే అత్త దగ్గర కుడికాలి పట్టీ అడిగి తీసుకుని పెట్టుకుంది. కూర్చుని కాలు ఊపి చూసింది. ఘల్లుమంది. లేచి, గోడ వదిలేసి, మడిమ గట్టిగా ఆనించి అడుగేసింది. నొప్పి రవ్వంత కూడా లేదు. ఎడమ కాలు ఘల్లుమంది. కుడికాలు సర్రుమంది. వంగి చూస్తే మువ్వలు కదులుతూనే ఉన్నాయి, చప్పుడు లేదు. వేలితో మీటితే మోగాయి. అడుగేస్తే మూగవోయాయి. వంటింటి గడపలో నిలబడి ప్రేమమ్మ దండం పెట్టింది. ఆ దండం తనకు కాదని భాగీరథికి తెలుసు.

సుమిత్రమ్మ పరుగున వచ్చి కొంగు పట్టుకుంది. భాగీరథి ఆగిపోయింది. ఇప్పుడు పిల్ల ముఖం చూస్తుంది, వదిలేస్తుంది. వదిలేస్తే బాగుండునని ఆ క్షణాన మనసారా కోరుకుంది.

పిల్ల తలెత్తింది. ఆమె ముఖాన్ని తీరిగ్గా, తృప్తిగా చూసింది. నవ్వింది. వదల్లేదు.

"అమ్మా, గా ఇంకో ఆమె ఏది?"

భాగీరథికి ఏడుపు ముంచుకొచ్చింది. నేనేనే ఆ ఇంకో ఆమెను అని అరవాలనిపించింది. పిల్ల చేతులు చాచింది.

"మొయినాబాద్ పోయింది బిడ్డా."

"మళ్లొస్తదా?"

"రాదు," అంటూ ఆమె పిల్లను ఎత్తుకుంది.