నలభై రెండో రాయి

మంగళవారం ఉదయం పదకొండు గంటల పది నిమిషాలకు హైవే పనివాళ్లు డివైడర్‌లో ఖాళీ వదిలారు. పంక్చర్ షాపు ఎదురుగా కాదు. మూడు వందల పది మీటర్ల అవతల, మూతబడిన ఇటుక బట్టీ ఎదురుగా.

ఆ ఖాళీ కోసం పంక్చర్ షాపాయన పద్నాలుగు నెలలు కాళ్లరిగేలా తిరిగాడు. క్వారీ నుంచి కంకరతో పట్టణానికి పోయే లారీలు రోడ్డుకు అవతలి వైపున వెళ్తాయి. టైరు పేలేది లోడు బండికే. షాపు ఎదురుగా దారి ఉంటే అవి ఇటు తిరుగుతాయి. ఇటుక బట్టీ వాటికి షాపు కంటే ముందే వస్తుంది. అక్కడ తిరిగిన బండి మళ్లీ క్వారీ వైపే పోతుంది. ఆ తర్వాతి మలుపు ఆరు కిలోమీటర్ల అవతల, పట్టణం మొదట్లో ఉంది.

అతను ఖాళీ వదలమని వచ్చిన ఆర్డరు కాగితం పట్టుకుని సైట్ ఇంజనీరు దగ్గరికి వెళ్లాడు. ఆమె కొలిచే చక్రాన్ని షాపు పక్కన ఆపిన జీపులో పెడుతోంది.

“మేడమ్, నలభై రెండో కిలోమీటరు దగ్గర అని రాసుంది కదా. రాయి నా షాపు ముందుంది. మీరు బట్టీకి దారి ఇచ్చారు. దానికి తాళం పడి ఆరేళ్లయింది.”

“రాళ్లు చూసి కొలవం అన్నా. సున్నా నుంచి చక్రం తిప్పుకుంటూ వచ్చాం. నలభై రెండు అక్కడే వచ్చింది. మీ రాయి ఇటెందుకు నడిచొచ్చింది?”

తొమ్మిదేళ్ల క్రితం ఏదో లారీ గుద్ది ఆ రాయి కాలవలో పడింది. ఆరు నెలలు ఎవరూ పట్టించుకోలేదు. టైరు పేలిన డ్రైవర్లకు ఫోన్లో గుర్తు చెప్పడానికి పనికొస్తుందని అతనే తోపుడు బండి మీద తెచ్చి షాపు ముందు పాతాడు. డ్రైవర్లు అతన్ని ‘నలభై రెండు’ అనే పిలుస్తారు. ఖాళీ కోసం పెట్టిన అర్జీలోనూ చోటు నలభై రెండో కిలోమీటరనే రాశాడు. అసలు చోటు వేరన్న సంగతి అతనికే గుర్తు లేదు.

“తేవద్దంటే విన్నావా?” అంది భార్య, ట్యూబు నీళ్లలో ముంచుతూ.

“ఏటేటా దానికి రంగేసింది ఎవరు?”

“తెచ్చి గుమ్మంలో పెడితే మాసిపోనిస్తానా?”

ఇంజనీరు ఒక తెల్ల కాగితం ఇచ్చింది. “రాయి జరిగిందని రాసివ్వండి, సవరణకు పంపుతాను. ఎవరు జరిపారో కూడా రాయాలి. కేసు పెట్టినా పెడతారు, ముందే చెప్తున్నా.”

“రాస్తే పని ఆపుతారా?”

“సవరణ ఆర్డరు వచ్చేదాకా ఆపలేను.”

“రాయకపోతే?”

“ఇంక ఎప్పటికీ ఇంతే.”

అతను రెండు గంటలు కాగితం ముందేసుకుని కూర్చున్నాడు. ‘రాయిని జరిపింది నేనే’ అని రాసి సంతకం పెట్టాడు. మూడు గంటల నలభై నిమిషాలకు ఇంజనీరు దాన్ని తీసుకుని తేదీ వేసింది.

నాలుగున్నరకు షాపు ఎదురుగా డివైడర్ చివరి దిమ్మె దించారు.

ఐదు గంటలకు అవతలి వైపు కంకర లారీ ఒకటి ఆగింది. వెనక టైరు పోయింది. డ్రైవరు దిమ్మెల మీదుగా అరిచాడు. “నలభై రెండన్నా, ఎటు నుంచి రావాలి?”

అతను పట్టణం వైపు చేయి చూపించాడు. డ్రైవరు ఒకసారి టైరు వంక చూసి బండెక్కాడు.

ఐదు గంటల ఆరు నిమిషాలకు లారీ కదిలింది. షాపు మూసే ఎనిమిదింటి దాకా అది తిరిగి రాలేదు.