గోల్కొండ చప్పట్లు

హైదరాబాదు చూపించే బస్సులో ఇశ్రాయేలు మాస్టారికి ముందు సీటు దొరికింది. మరొకరైతే పొంగిపోయేవారు. మాస్టారు మాత్రం బడికి ఇన్‌స్పెక్టరు వస్తున్న రోజు పెట్టే మొహమే పెట్టుకుని కూర్చున్నారు. పక్కన భార్య సుందరి ఒళ్లో సున్నుండల బుట్ట పెట్టుకుని, కిటికీలోంచి కనిపించిన ప్రతి మేడనీ నోరారా మెచ్చుకుంటోంది.

"ఏవండీ, ఆ మేడ చూసేరా? ఎన్నంతస్తులో!"

"ఊఁ."

"ఒంట్లో బాగోలేదేంటండీ?"

"బానే ఉందే బాబూ. ఊరు చూడనీ."

అవి ఎనభై ఒకటి వేసవి సెలవులు. అల్లవరం దగ్గర చిన్న ఊళ్లో మిషన్ బడి పంతులుగారాయన. ముప్పై ఏళ్ల సర్వీసులో కాకినాడ దాటి ఎరగరు. అలాంటి మనిషికి రైలు టిక్కెట్లు పంపించి, మీరూ అమ్మగారూ రాకపోతే ఒప్పుకోనని ఉత్తరం రాసి మరీ రప్పించింది పుష్పలత. ఆయన దగ్గర ఒకటి నుంచి అయిదు దాకా చదువుకున్న పిల్ల. తండ్రి దానం కూలిపని చేసేవాడు. ఆ పిల్ల ఇప్పుడు ఇక్కడ ఓ పెద్దాసుపత్రిలో నర్సు. నాలుగు రోజులుగా తన గదిలో ఉన్న ఒక్క మంచమూ వీళ్లకిచ్చేసి, తను చాప వేసుకుని కింద పడుకుంటోంది. నిన్న సాయంత్రం ఈ బస్సు టిక్కెట్లు తెచ్చి చేతిలో పెట్టింది.

"పొద్దున నాకు డ్యూటీ అండీ. మధ్యాహ్నం మూడింటికల్లా గోల్కొండ గేటు దగ్గరుంటానండి. ఈ ఊరొచ్చి నాలుగేళ్లయినా గోల్కొండ మాత్రం చూళ్లేదండి. మాస్టారితోనే చూడాలని అట్టే పెట్టేను. గేటు దగ్గర చప్పట్లు కొడితే కొండమీద వినపడతాయని చెప్పేరు కదండీ. మీరు విన్నారు కూడానూ. రేపు మళ్లీ విందురుగాని."

మాస్టారు "ఆయ్" అన్నారు. అన్నారే గాని, అప్పట్నుంచీ ఆయనకి అన్నం సహించడం లేదు. ఆయన ఆ చప్పట్లు వినడమన్నది అబద్ధం.

పదహారేళ్ల కిందట మూడో తరగతిలో ఆడినదది. పుష్పలతకి ఓ జబ్బుండేది. ఏ పాఠం చెప్పినా లేచి నిలబడి, "మీరు చూసేరాండీ?" అనేది. భూమి గుండ్రంగా ఉంటుందంటే, చూసేరాండీ? హిమాలయాల మీద మంచు ఉంటుందంటే, చూసేరాండీ? లేదంటే ఇంక ఆ పాఠం ఆమె నమ్మదు. వెనక బెంచీ వాళ్లు కిసుక్కుమని నవ్వేవారు. గోల్కొండ పాఠం వచ్చిన రోజున ఎండ మండిపోతోంది, మాస్టారికి ఓపిక అడుగంటింది. "మీరు విన్నారాండీ?" అని అది అడగ్గానే, "విన్నానే తల్లీ! కొండెక్కి, ఈ చెవులతో విన్నాను. ఇంక కూర్చో" అనేశారు.

పిల్ల కూర్చుంది. కూర్చుని ఊరుకుందా? నేనూ వెళ్లి వింటానంది. గోల్కొండ వెళ్లాలంటే చదువుకోవాలి కాబట్టి ఊడ్పులకి రానని తల్లి మీద తిరగబడింది. అయిదు పాసయింది. అమలాపురం బోర్డింగులో చేరి పది పాసయింది. అబద్ధం కూడా ఆమెతోపాటే పై తరగతులకి వెళుతూ వచ్చింది. మాస్టారు ప్రతి వేసవిలోనూ నిజం చెప్పేద్దామనుకున్నారు. చెబితే ఈ పిల్ల చదువు ఎక్కడ ఆగిపోతుందోనని భయపడ్డారు. నర్సు టోపీ పెట్టుకుని వచ్చి కాళ్లకి దణ్ణం పెట్టిన రోజున ఇంక నోరు పెగల్లేదు.

బస్సు సాలార్‌జంగ్ మ్యూజియం ముందు ఆగింది. అందరూ దిగారు. మాస్టారు గొడుగూ నీళ్ల సీసా పట్టుకున్నారు, సుందరి బుట్ట పట్టుకుంది. సామాను బస్సులోనే ఉండనివ్వమని పక్క సీటావిడ చెప్పినా వినిపించుకోలేదు. కోనసీమ మనిషికి ప్రయాణమంటే వేరు. కాకినాడ వెళ్లాలంటే బస్సు ఎదుర్లంక రేవు దాకానే తెస్తుంది. సామానంతా దింపుకుని, లాంచీలో గోదావరి దాటి, అవతలి ఒడ్డున కాచుకుని ఉన్న బస్సెక్కాలి. దిగిన బస్సే మళ్లీ ఎక్కడమన్నది ఆ దంపతులు ఎరిగిన సంగతి కాదు.

బుట్టని గుమ్మం దగ్గర కాపలావాళ్లు అట్టేపెట్టారు. లోపల గంటలు కొట్టే గడియారం ముందు వీళ్లిద్దరూ జనంతోపాటు నేల మీద చతికిలబడ్డారు. పన్నెండయ్యేసరికి గడియారంలోంచి చిన్న బొమ్మ మనిషి బయటికొచ్చి పన్నెండూ కొట్టి లోపలికి పోయాడు. సుందరి ఆనందం పట్టలేక "స్తోత్రం ప్రభువా" అంది. మాస్టారు కూడా కాసేపు గోల్కొండని మరిచిపోయారు. బుట్ట తీసుకుని బయటికొచ్చేసరికి ఎదురుగా అదే రంగు బస్సు తలుపు తెరుచుకుని ఉంది. మన బస్సు తయారుగా ఉందనుకుంటూ ఎక్కి, ముందు సీట్లో హాయిగా కూర్చున్నారు. బస్సు కదిలింది.

నాలుగు వీధులు దాటాక గైడు తలలు లెక్కపెట్టాడు. కాశీవిశ్వనాథం అని చొక్కా మీద పేరుంది. వీళ్ల టిక్కెట్లు చూసి నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు.

"మీది ఇది కాదండి. మేం పొద్దున్నే గోల్కొండ చూసేశాం. ఇప్పుడు జూ, ఆ తరవాత టాంకుబండు, అంతే."

"అయ్యో, గోల్కొండ లేదాండీ?" అని సుందరి గుండె బాదుకుంది.

మాస్టారికి మాత్రం ప్రాణం లేచొచ్చింది. తన తప్పు కాదు, కావాలని చేసిందీ కాదు. గోల్కొండ దానంతటదే తప్పిపోయింది! "పోనీలేవే, రాసి పెట్టి లేదు" అన్నారు.

సుందరి ఆయన వంక తేరిపార చూసింది. ముప్పై ఏళ్ల కాపురం మరి.

"ఆ పిల్ల అక్కడ ఎండలో నిలబడుంటాదండీ. మీరేంటి, బరువు దిగినట్టు అలా ఊపిరి తీసేరు? అసలు నాకు తెలీక అడుగుతాను, కాకినాడ దాటని మనిషి గోల్కొండలో చప్పట్లు ఎప్పుడు విన్నారండీ?"

మాస్టారు తల వంచుకుని అంతా చెప్పేశారు. సుందరి నవ్వలేదు, తిట్టలేదు. "చెప్పేయండి" అంది.

"చెబితే నన్నింక నమ్ముద్దా?"

"నమ్మకపోతే పోనీండి. మంచం మనకిచ్చి కింద పడుకుంటోంది. దానికివ్వడానికి మన దగ్గర ఇంకేముందండీ, నిజం తప్ప?"

ఇంతలో గైడు ఏ ఊరని అడిగాడు. అల్లవరం దగ్గరనగానే పకపకా నవ్వాడు. "రేవు దాటినట్టు దాటేశారా మాస్టారూ! మా అమ్మగారిది కొత్తపేటండి. మొదటిసారి ఈ ఊరొచ్చినప్పుడు ఆవిడ చేసిన పనీ ఇదే. కంగారు పడకండి. మీ బస్సూ జూకే వస్తుంది, అక్కడ అప్పజెబుతాను." జూ దగ్గర తన వాళ్లని లోపలికి పంపించి, ఈ ఇద్దరికీ నీడ చూపించి, తనూ పక్కనే నిలబడ్డాడు.

అరగంట ఆలస్యంగా వచ్చింది వీళ్ల బస్సు. ఆ అరగంటా వీళ్లకోసం మ్యూజియమంతా గాలించారట. మాస్టారు బెత్తం దెబ్బలకి చెయ్యి చాపిన కుర్రాడిలా నిలబడ్డారు. డ్రైవరు దిగొచ్చి, "దొరికిన్రు గద పెద్దాయనా, గంతే సాలు" అన్నాడు. పక్క సీటావిడ వీళ్ల సీటు మీద తన రుమాలు వేసి ఉంచింది. ఊరు తెలియదు, పేరు తెలియదు, ఏమవుతామని ఇంత చేశారు వీళ్లంతా? మాస్టారికి కళ్లు చెమర్చాయి. సుందరి బుట్ట విప్పి కాశీవిశ్వనాథానికి రెండు సున్నుండలు పెట్టి, బస్సులో అందరికీ పంచిపెట్టింది. ఇంతమంది చేతుల మీదుగా తనని గోల్కొండకి చేరుస్తుంటే ఇంక తప్పించుకునే ఆలోచన మాస్టారికి సిగ్గనిపించింది.

బస్సు చేరేసరికి నాలుగు దాటింది. పుష్పలత గేటు దగ్గర నీలం చీరలో, కొంగు తలమీద కప్పుకుని నిలబడి ఉంది. చూడగానే పరుగెత్తుకొచ్చింది.

"వచ్చేరా మాస్టారూ! ఎక్కడ నిలబడి విన్నారండీ అప్పుడు? ఆ పైనేనాండీ?"

మాస్టారు కొండ వంక చూడలేదు. ఆమె వంకే చూశారు.

"నేనెప్పుడూ వినలేదమ్మా. ఈ ఊరు రావడమే ఇది మొదలు. ఆ వేళ నీకు అబద్ధం చెప్పేను. పదహారేళ్లూ దాచేను. నన్ను క్షమించు తల్లీ."

పుష్పలత మొహంలో నవ్వు ఆగిపోయింది. కొండ వైపు తిరిగి చాలాసేపు చూసింది. ఆ తరవాత సుందరి చేతిలో బుట్ట అందుకుంది.

"అయితే ముందు మీరెక్కండి మాస్టారూ. అమ్మగారూ, పట్టుకోండి ఆయన్ని. నేనిక్కడుంటాను."

కోపమో, మన్నింపో ఆ గొంతులో మాస్టారికి అంతుపట్టలేదు.

రాయన్నదే లేని సీమలో పుట్టిన కాళ్లు ఆయనవి. యాభై మెట్లకి మోకాళ్లు మొరాయించాయి, నూటికి ఊపిరాడలేదు. సుందరి రెక్క పట్టుకుంది. దిగుతున్న వాళ్లు తప్పుకుని దారిచ్చారు, ఎవరో కుటుంబం వాళ్లు తమ నీళ్లు తాగించారు. మెట్టు మెట్టుకీ ఆయనకి ఒకటే దిగులు. ఈ పిల్ల ఇంక నన్ను మాస్టారనుకుంటుందా?

పైకి చేరేసరికి గాలి విసిరి కొట్టింది. కింద గేటు దగ్గర మనుషులు పల్లీ గింజలంత ఉన్నారు. ఎవరెవరో కొడుతున్నారు, చప్పుళ్లు కలగాపులగంగా వస్తున్నాయి. మాస్టారు గోడ పట్టుకుని వంగారు. చప్పుళ్లు కాస్త సద్దుమణిగాయి.

అప్పుడొచ్చాయి, విడివిడిగా, స్పష్టంగా. ఒకటి. రెండు. మూడు. కాస్త ఆగి మళ్లీ ఒకటి, రెండు, మూడు.

మాస్టారి బళ్లో తప్పు చేసిన పిల్లవాడు తనంతట తాను లేచి ఒప్పుకుంటే దెబ్బ వెయ్యరు. క్లాసు క్లాసంతా వాడికి మూడు చప్పట్లు కొట్టాలి. ఆ పద్ధతి పెట్టింది మాస్టారే. ముప్పై ఏళ్లలో ఎందరికో కొట్టించారు. ఆయనకి కొట్టిన వాళ్లు మాత్రం ఇంతవరకూ లేరు.

"ఎందుకండీ ఏడుస్తున్నారు?" అంది సుందరి. తనూ కొంగుతో కళ్లు ఒత్తుకుంటూనే.

"కింద నా క్లాసుందే" అన్నారు మాస్టారు. "పద, దిగుదాం. ఆ పిల్ల ఇంకా వినలేదు."

దిగేసరికి పొద్దు వాలింది. బస్సు బయల్దేరవలసిన వేళ దాటిపోయింది. మాస్టారు డ్రైవరు దగ్గరికెళ్లి చేతులు జోడించి, ఒక్క ముప్పావుగంట అన్నారు. డ్రైవరు బస్సులో వాళ్ల వంక చూశాడు. పక్క సీటావిడే ముందుగా దిగింది, "వెళ్లనివ్వండి పాపం, ఆ అమ్మాయి చూడొద్దూ" అంటూ. ఒకరి తరవాత ఒకరు అందరూ దిగారు.

పుష్పలత చెప్పులు చేత్తో పట్టుకుని, చిన్నపిల్లలా మెట్లు రెండేసి చొప్పున ఎక్కుతూ పోయింది. నీలం చీర పైన గోడ పక్కన కనిపించింది. గేటు దగ్గరి గుమ్మటం కింద మాస్టారు రెండు చేతులూ ఎత్తి మూడు కొట్టారు. వెనక బస్సు బస్సంతా కొట్టింది.