ఎర్రరెక్క లేచిన చోట

కలుపత్త నడుం వంచి, చెయ్యి గడ్డిలోకి పోనిచ్చి, వట్టి వేళ్లతో కలుపుమొక్క మొదలు వెతుక్కుంటోంది. దొరికింది. ఆకు అంచులు చింపిరిగా ఉన్నాయి, కాడ గరుగ్గా తగిలింది. ఒక ఆకు నలిపి ముక్కు దగ్గర పెట్టుకుంది. కుళ్లు వాసన. చేదాకే. వేరు తెగకుండా నాలుగు వైపులా ఊపి పీకి, నడుముకు కట్టుకున్న గోనెసంచిలో కుక్కింది. ఆ పసరు పట్టి ఆమె అరచేతులు ఏనాడో నల్లబడ్డాయి. గోళ్ల పక్కన చర్మం ఎండిన చెరువులా నెర్రెలిచ్చింది.

డెయిరీ పశువుల కోసం పెంచే గడ్డిబీడు అది. నడుమెత్తు పెరిగింది. రేపు పొద్దున్నే కోతమిషను దిగుతుంది. పచ్చిగా ఉన్న చేదాకును ఏ పశువూ మూతి పెట్టి చూడదు. ఎండి మేతలో కలిసిందా, చేదు పోతుంది, విషం మాత్రం ఎక్కడికీ పోదు. అందుకే కోతకు ముందు మొక్క మిగలకుండా ఏరించాలి. కాపురానికి వచ్చిన ఏడాది నుంచి కలుపత్త పని అదే. మేస్త్రి నుంచి పాలు పితికేవాళ్ల దాకా అందరికీ ఆమె అత్తే. మొగుడు పోయాడు. పిల్లలు లేరు. మరిది ఇంటి వెనక ఒక గది ఇచ్చారు. ఆ గదిలో ఆమెను ‘కూర్చుని తినే మనిషి’ అనకుండా కాపాడుతున్నది ఈ పని ఒక్కటే.

ఆమె కళ్లు పోతున్నాయని ఎవరికీ తెలియదు. మసకలో ఆకారాలు అందుతాయి. గడ్డి పచ్చ, చేదాకు పూల పసుపు ఒకదాన్లో ఒకటి కరిగిపోతాయి. ఎరుపు ఒక్కటే నిలబడుతుంది.

ఆ ఎరుపు ఎర్రరెక్కది. దీపం చుట్టూ తిరిగి మాడి చచ్చే పురుగుల జాతే గానీ దీని బుద్ధి వేరు. ఎండలో తిరుగుతుంది, చీకటి పడితే ముడుచుకుంటుంది. పైరెక్కలు మసి, కిందిరెక్కలు నిప్పు. గుడ్లు చేదాకు మీదే పెడుతుంది. చారల గొంగళ్లు ఆ ఆకే తిని ఒళ్లంతా చేదెక్కించుకుంటాయి. తెలియని పిట్ట ఒకసారి నోట కరిచి ఉమ్మేస్తుంది, మళ్లీ జోలికి రాదు. అందుకే ఎర్రరెక్కకు ఎప్పుడూ తొందర లేదు. కాలు తగిలితే బద్ధకంగా లేచి, నాలుగు బారలు ఎగిరి, ఇంకో చేదాకు మీద వాలుతుంది. అది లేచిన చోట కలుపత్త వంగేది. వాలిన చోటికి నడిచేది. మొక్కలు పీకి వాటి పొట్ట కొట్టేదీ తనే, వాటిని నమ్ముకుని బతికేదీ తనే.

ఇవాళ తెల్లారినప్పటి నుంచి మబ్బు. ఎండ పడందే ఎర్రరెక్క కదలదు.

“ఏంటక్కా, గడ్డితో గుసగుసలా? ముక్కు నేలకి ఆనించావు!” పక్క వరసలో మునుం పట్టిన తోడికోడలు, ఆ మరిది పెళ్లామే, నవ్వింది.

“నడుం పట్టేసిందే. నీలా పడుచుదాన్నా?”

“మనవరాలు పుట్టింది నాకు. ఇంకా పడుచేంటి?”

“నోరు మాత్రం పడుచుదేలే.”

మధ్యాహ్నం గట్టున కూర్చుని తింటున్నప్పుడు కలుపత్త రెండుసార్లు మొహం పైకెత్తింది.

“ఎండొస్తుందంటావా?”

“ఎండ కోసం ఏడ్చే కూలిమనిషిని నిన్నే చూశాను,” అంది తోడికోడలు.

పొద్దు వాలుతుండగా తోడికోడలు తన మునుం ముగించి వెనక్కి తిరిగింది. కలుపత్త దాటి వచ్చిన చోట పసుపుపూలు గుత్తులుగుత్తులుగా నిలబడి ఉన్నాయి. ఒక కాడ విరిచి తెచ్చి ఆమె మొహం ముందు పెట్టింది.

“ఇదేంటక్కా?”

కలుపత్త చెయ్యి చాచింది. చెయ్యి కాడ పక్కనుంచి పోయింది. రెండోసారి అందుకుని, నలిపింది. “చేదాకు.”

“వాసన చూసి కాదు. కళ్లతో చూసి చెప్పు.”

కలుపత్త ఆ కాడను సంచిలో కుక్కింది.

“ఎన్నాళ్లనుంచి?”

“ఎండ పడితే కనిపిస్తుందే. ఎర్రరెక్కలు లేస్తాయి, వాటి వెనకే పోతాను. కాస్త ఆగు.”

“పురుగు దారి చూపిస్తే కలుపు తీస్తున్నావా ఇన్నాళ్లూ? మీ మరిదికి తెలుసా?”

“తెలిస్తే ఉంచుతాడా?”

తోడికోడలు తిట్టుకుంటూనే ఆ మునుంలోకి దిగింది. గబగబా పీకింది. ఒక సంచి నిండింది. తలెత్తి చూస్తే పసుపు తరగలేదు. చేతులు గడ్డికి తుడుచుకుంది.

“మనిద్దరి వల్ల కాదక్కా. మేస్త్రికి చెప్పాలి.”

“చెప్పకే. నీ కాళ్లు పట్టుకుంటాను.”

“అవి నోరు లేని జీవాలక్కా.”

ఆమె వెళ్లిన వైపు కలుపత్త చూడలేదు. వంగి, చేతికందింది అందినట్టు పీకింది. మంచిగడ్డి కూడా వచ్చేస్తోంది.

మేస్త్రి నలుగురు మనుషుల్ని వెంటబెట్టుకు వచ్చాడు. అరుస్తాడనుకుంది. అరవలేదు. బీడంతా ఒకసారి కలయజూశాడు.

“అత్తా, పోయినేడు చలికాలంలో రెండావులు తిన్నది ఒంటపట్టక చిక్కి చచ్చాయి. డాక్టరుకీ అంతుబట్టలేదు.” చెయ్యి చాచాడు. “సంచి విప్పి ఇటివ్వు. నువ్వు కూర్చో.”

ఆ బీడులో పని వేళ ఆమెను కూర్చోమన్నవాళ్లు అంతవరకూ లేరు. నడుం దగ్గర ముడి బిగుసుకుపోయింది. మేస్త్రే వంగి విప్పాడు.

ఆమె కూర్చోలేదు. కంచె పట్టుకుని గేటు వైపు నడిచింది. వెనకాల కొత్తగా దిగిన మనుషులు ఏదో అనుకుని నవ్వుకుంటున్నారు. గేటు దగ్గరికి వచ్చేసరికి మబ్బు విడి, ఏటవాలు ఎండ బీడు మీద పడింది. వాళ్ల కాళ్ల దగ్గర ఒక ఎరుపు లేచింది. ఇంకొకటి. మరి నాలుగు. అన్నీ తను ఏరేశాననుకున్న చోటే. గేటు గడియ పట్టుకుని, ఎండ పోయేదాకా అలాగే చూసింది.

మర్నాడు కోతమిషను చప్పుడు మొదలయ్యేసరికి వెనకగది తలుపు బార్లా తెరిచి ఉంది. గోడలు తడుముకుంటూ పెద్దరోడ్డు వైపు పోతుంటే చూశానని పాలు వేసేవాడు చెప్పాడు. మరిది చీకటి పడేదాకా తిరిగి ఒక్కడే వచ్చాడు.

ఏ చుట్టాల ఊరికి వెళ్లిందో ఆనవాలైనా దొరుకుతుందేమోనని తోడికోడలు మంచం కింది రేకుపెట్టె లాగి తెరిచింది. చీరలు లేవు. అడుగున, కలుపు మొదలయ్యే ముందు డెయిరీవాళ్లు ఏటా ఒక జత చొప్పున ఇచ్చే తోలు గ్లౌజులు దొంతరగా పేర్చి ఉన్నాయి. పైజత మెత్తగా ఉంది. కిందికి పోయేకొద్దీ తోలు బిరుసెక్కింది. అడుగు జతకు బూజు పట్టింది, కుడిదాన్నీ ఎడమదాన్నీ కలిపి కుట్టిన దారం మాత్రం ఇంకా తెగలేదు.